2147483647: ఒక గోడ, ఒక ప్రధాన సంఖ్య, ఒక వైవా

ఫస్టియర్ సి ల్యాబ్‌లో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ రాయనివాళ్ళు మనలో ఎవరూ ఉండరు. నేనూ రాశాను. 5 ఇస్తే 120 వచ్చింది. 10 ఇస్తే 3628800 వచ్చింది. అంతటితో ఆగితే బాగుండేది. రికార్డులో కాస్త గొప్పగా కనిపిస్తుందని 13 ఇచ్చి, స్క్రీన్ మీద వచ్చింది వచ్చినట్టు రాసేసుకున్నాను: 1932053504.

వైవాలో సార్ ఆ పేజీ చూసి ఒకటే అడిగారు.

"ఏమయ్యా, 13 ఫ్యాక్టోరియల్ చివర సున్నాలు ఎన్నుంటాయి?"

ఇంటర్‌లో చదివిందే కదా. 1 నుంచి 13 వరకు గుణిస్తే అందులో 5 ఒకసారి, 10 ఒకసారి వస్తాయి. అంటే రెండు ఐదులు. రెండ్లకి కొదవ లేదు. "రెండు సార్" అన్నాను.

"మరి నీ రికార్డులో చివర 4 ఉందేంటి?"

నా దగ్గర సమాధానం లేదు. కంప్యూటర్ ఇచ్చిందే కదా అని రాశాను. ఎర్రర్ రాలేదు, వార్నింగ్ రాలేదు, మైనస్ గుర్తు కూడా లేదు. పది అంకెల పెద్ద సంఖ్య, చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంది. కానీ తప్పు. ఆ తప్పు వెనక ఒక సంఖ్య ఉంది: 2147483647. మన లెక్కలో రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. ఆ వైవా తర్వాత ఈ సంఖ్య వెంట పడి నేను తెలుసుకున్నదే ఈ వ్యాసం.

గోడ ఎక్కడి నుంచి వచ్చింది?

చదరంగం గళ్ళలో గింజల కథ అందరికీ తెలుసు. మొదటి గడిలో 1, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోవడం. కంప్యూటర్‌లో బిట్లు కూడా అచ్చం ఆ గళ్ళే. ఒక్కో బిట్‌కి ఒక్కో విలువ: 1, 2, 4, 8, 16... ఆ బిట్‌లో 1 ఉంటే ఆ గడిలోని గింజలు లెక్కలోకి వస్తాయి, 0 ఉంటే రావు.

సి లో మనం మామూలుగా వాడే ఇంట్‌కి ఇప్పటి మెషీన్ల మీద 32 బిట్లు ఉంటాయి. అందులో ఎడమ చివరి బిట్ మైనస్ సంఖ్యల కోసం పోతుంది. మిగిలినవి 31. ఆ 31 గళ్ళూ నింపేస్తే వచ్చే మొత్తం 2³¹ − 1, అంటే 2147483647. బైనరీలో రాస్తే వరసగా 31 ఒకట్లు. ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య ఇదే.

మన క్లబ్‌లో పద్యాలు చదివేవాళ్ళకి ఇక్కడ ఒకటి గుర్తు రావాలి. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరుతో ఒక చదరంగం పద్యం చెప్పుకుంటారు. అందులో 64 గళ్ళ మొత్తం గింజల లెక్క ఉంటుంది: 18446744073709551615. అంటే 2⁶⁴ − 1. ఇరవై అంకెలూ తప్పు లేకుండా పద్యంలో ఇమిడిపోయాయి. మైనస్ సంఖ్యలు లేకుండా 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య కూడా సరిగ్గా అదే. మన సిలబస్‌లో డేటా టైప్‌ల పట్టికలో చివర ఉండే ఆ సంఖ్య, బిట్ అనే మాట పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ళ ముందే తెలుగులో ఛందోబద్ధంగా ఉంది.

గోడ దాటితే ఏమవుతుంది?

బండి మీటర్ గుర్తు తెచ్చుకోండి. 99999 తర్వాత ఒక్క కిలోమీటర్ నడిపితే 00000 వస్తుంది. ఇంట్ కూడా అంతే, కాకపోతే సున్నాకి రాదు. 2147483647 కి 1 కలిపితే ఎడమ చివరి బిట్‌లోకి 1 పోతుంది, ఆ బిట్ మైనస్‌ది కాబట్టి −2147483648 వస్తుంది. (సి భాష నిబంధనల ప్రకారం ఇలా దాటినప్పుడు ఇదే రావాలని గ్యారంటీ ఏమీ లేదు. మామూలుగా మన మెషీన్ల మీద జరిగేది మాత్రం ఇది.)

ఇప్పుడు నా రికార్డు సంగతి. 12 ఫ్యాక్టోరియల్ 47,90,01,600. ఇది గోడ లోపలే ఉంది. 13 ఫ్యాక్టోరియల్ 6,22,70,20,800. ఇది గోడ దాటి, మీటర్‌ని ఒక చుట్టు తిప్పేసింది. ఒక చుట్టు అంటే 2³², అంటే 4,29,49,67,296. తీసేయండి: 1,93,20,53,504. నా రికార్డులో ఉన్నది అదే. ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్ళీ ప్లస్ వైపే ఆగింది కాబట్టి మైనస్ గుర్తు కూడా రాలేదు. మైనస్ చూడాలంటే 17 దాకా పోవాలి. అప్పుడు −288522240 వస్తుంది. అంటే 13, 14, 15, 16, నాలుగూ తప్పే, నాలుగూ చూడ్డానికి బుద్ధిమంతుల్లాగే ఉంటాయి.

ఇది ల్యాబ్‌లో మాత్రమే జరిగే విషయం కాదు. 2014 డిసెంబర్‌లో గంగ్నమ్ స్టైల్ పాట వ్యూస్ ఈ సంఖ్య దగ్గరికి చేరడంతో యూట్యూబ్ లెక్కపెట్టే పద్ధతిని 64 బిట్లకి మార్చిన సంగతి వార్తల్లో వచ్చింది. ఇంకా రావాల్సింది ఒకటుంది. యూనిక్స్ సిస్టమ్‌లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడతాయి. ఆ లెక్కని 32 బిట్లలో దాచుకున్న పాత సిస్టమ్‌లకి 2038 జనవరి 19 మంగళవారం, మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి లెక్క సరిగ్గా 2147483647 అవుతుంది. తర్వాతి సెకన్‌కి వాటి క్యాలెండర్ 1901 డిసెంబర్‌కి వెళ్ళిపోతుంది. కొత్త సిస్టమ్‌లు చాలావరకు 64 బిట్లకి మారిపోయాయి. మిగిలిపోయిన పాతవాటిని సరిచేసే పని మన బ్యాచ్ ఉద్యోగాల్లో ఉన్నప్పుడే వస్తుంది.

సరే, ఇది ఏ జాతి సంఖ్య?

ఇక్కడి వరకు చూస్తే ఇది ఉత్త గోడ. కానీ లెక్కల వైపు నుంచి చూస్తే దీనికి వేరే పేరు ఉంది. ఇది ప్రధాన సంఖ్య, అంటే ప్రైమ్. 1 తోనూ, తనతోనూ తప్ప దేనితోనూ భాగం పోదు.

గోడలన్నీ ఇలాగే ఉంటాయా అంటే, ఉండవు. 8 బిట్ల గోడ 127, ప్రధాన సంఖ్యే. 16 బిట్ల గోడ 32767 కాదు, అది 7 × 31 × 151. 32 బిట్లది అవును. 64 బిట్లది 9223372036854775807, కాదు. 128 బిట్లది మళ్ళీ అవును. ఒకటి విడిచి ఒకటి!

కారణం కొంత సులువే. ఒకట్లని లెక్కపెట్టండి: 7, 15, 31, 63, 127. బైనరీలో 15 ఒకట్లని మూడేసి చొప్పున ఐదు గుంపులు చేయొచ్చు: 111 111 111 111 111. అంటే అది 111 తో, అంటే 7 తో భాగం పోయి తీరాలి. డెసిమల్‌లో 999999 ని 999 తో భాగించడానికి కాలిక్యులేటర్ అక్కర్లేదు కదా, అదే సంగతి. 63 ఒకట్లకీ ఇదే గతి. ఒకట్ల లెక్క ప్రధాన సంఖ్య కాకపోతే, ఆ ఒకట్ల సంఖ్య కూడా ప్రధాన సంఖ్య కాదు.

మరి ఒకట్ల లెక్క ప్రధాన సంఖ్య అయితే చాలా? చాలదు. 11 ప్రధాన సంఖ్యే. కానీ 2¹¹ − 1 = 2047 = 23 × 89. గుంపులు కట్టడం కుదరకపోయినా వేరే దారిలో భాగం పోతుంది. అంటే 31 ఒకట్లు ఉన్నాయన్న ఒక్క కారణంతో 2147483647 ప్రధాన సంఖ్య అని చెప్పేయలేం. నిరూపించాలి.

ఇలా 2 ఘాతంలోంచి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్యలని మెర్సెన్ ప్రైమ్‌లు అంటారు. మెర్సెన్ ఫ్రాన్స్‌లో ఒక క్రైస్తవ సన్యాసి. 257 వరకు ఏ ఘాతాలకి ప్రధాన సంఖ్యలు వస్తాయో 1644లో ఒక జాబితా ఇచ్చాడు. అందులో 31 ఉంది, అది సరైనదే. కానీ 67, 257 కూడా ఉన్నాయి, అవి తప్పు. 61, 89, 107 ఉండాల్సింది, లేవు. జాబితా మొత్తాన్ని సరిచూడటం పూర్తయ్యేసరికి 1947 వచ్చింది. నా రికార్డులో తప్పు బయటపడటానికి వారం పట్టింది. ఆయనది మూడు వందల ఏళ్ళు. కొంచెం ఓదార్పుగా అనిపించింది.

ఆయిలర్ ఎలా తేల్చాడు?

2147483647 ప్రధాన సంఖ్యే అని 1772లో తేల్చింది ఆయిలర్. అప్పటికి ఆయన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉన్నాడు, చూపు దాదాపు పూర్తిగా పోయింది.

మామూలు పద్ధతిలో అయితే దీని వర్గమూలం వరకు, అంటే 46340 వరకు ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడాలి. అవి నాలుగు వేల ఏడు వందలకు పైనే ఉన్నాయి. ఆయిలర్ ముందు ఇంకో ప్రశ్న వేసుకున్నాడు: దీన్ని భాగించగలిగే సంఖ్య అంటూ ఉంటే, అది ఎలా ఉండాలి?

చిన్న ఉదాహరణతో చూద్దాం. 2047 ని 23 భాగిస్తుంది. 2 ఘాతాలని 23 తో భాగిస్తూ శేషాలు రాయండి: 2, 4, 8, 16, 9, 18, 13, 3, 6, 12, 1. సరిగ్గా 11 అడుగుల్లో 1 కి వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ 2, 4, 8 అంటూ అదే చక్రం తిరుగుతుంది. ఫెర్మా సిద్ధాంతం ప్రకారం 22వ అడుగులో కూడా శేషం 1 రావాలి, ఎందుకంటే 22 అంటే 23 − 1. కాబట్టి 11 అడుగుల చక్రం 22 అడుగుల్లో సరిగ్గా పట్టాలి. పట్టింది కూడా, రెండు సార్లు.

ఇదే మాట 31 కి చెప్పండి. 2³¹ − 1 ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, దాని చక్రం 31 అడుగులు. కాబట్టి ఆ సంఖ్యలోంచి 1 తీసేస్తే 31 తో భాగం పోవాలి. అది బేసి సంఖ్య కాబట్టి 1 తీసేస్తే 2 తో కూడా పోవాలి. అంటే 62 తో పోవాలి. దీనికి తోడు ఇంకో నియమం ఉంది: ఆ సంఖ్యని 8 తో భాగిస్తే శేషం 1 గానీ 7 గానీ రావాలి. (23, 89 లకి వేసి చూడండి, సరిపోతాయి.)

ఈ రెండు నియమాలూ కలిపితే, 248 తో భాగించినప్పుడు శేషం 1 గానీ 63 గానీ వచ్చే సంఖ్యలనే చూడాలి. 46340 లోపు అవి 373 ఉన్నాయి, 1 ని వదిలేస్తే. వాటిలో ప్రధాన సంఖ్యలని మాత్రమే ఏరితే వందలోపే. మొదటిది 63, అది 7 × 9 కాబట్టి తీసేయొచ్చు. రెండోది 249, అది 3 × 83. అసలు పరీక్ష 311 తో మొదలవుతుంది. ఏదీ దీన్ని భాగించలేదు. అంతే, నిరూపణ పూర్తి.

నాకు ఇందులో నచ్చింది లెక్క తగ్గడం ఒక్కటే కాదు. భాగించడం మొదలుపెట్టే ముందే, రాబోయే సమాధానం ఎలా ఉండాలో ఆయనకి తెలుసు. సార్ నా రికార్డు చూసిన చూపు కూడా అదే. ఆయన 13 ఫ్యాక్టోరియల్ గుణించలేదు. చివర రెండు సున్నాలు ఉండాలని మాత్రం ఆయనకి తెలుసు.

నా ప్రోగ్రామ్ ఏమంది?

ఇదంతా చదివాక, నేనూ చెక్ చేద్దామని మనందరికీ అలవాటైన ప్రైమ్ ప్రోగ్రామ్ తీశాను. ఐ ని 2 నుంచి పెంచుకుంటూ పో, ఐ ఇంటూ ఐ విలువ ఎన్ దాటేవరకు. మధ్యలో ఎక్కడైనా భాగం పోతే ప్రైమ్ కాదు. ఎన్ చోట 2147483647 ఇచ్చాను. చిన్న సంఖ్యలకి టక్కున చెప్పేది కాస్తా కొన్ని సెకన్లు ఆగింది. ఆగి చెప్పింది: ప్రైమ్ కాదు.

ఒక్క క్షణం ఆయిలర్‌నే అనుమానించాను. తర్వాత కాగితం మీద వేసి చూశాను. ఐ 46341 కి చేరగానే లూప్ ఆగాలి, ఎందుకంటే 46341 × 46341 = 2147488281, అది ఎన్ కంటే పెద్దది. కానీ ఆ లబ్ధం ఇంట్‌లో పట్టదు! గోడ దాటి మైనస్ అయిపోయింది. మైనస్ సంఖ్య ఎన్ కంటే చిన్నదే కదా, కాబట్టి లూప్ ఆగలేదు. అసలు ఇంట్‌లో పట్టే ఏ సంఖ్యా 2147483647 ని దాటలేదు కాబట్టి ఆ షరతు ఎప్పటికీ తప్పదు. ఐ అలా పెరిగి పెరిగి చివరికి 2147483647 కే చేరింది. తనని తాను భాగించుకుంది. శేషం సున్నా. ప్రైమ్ కాదని తీర్పు.

ఆప్టిమైజేషన్ లేకుండా కంపైల్ చేసి మీరూ చూడండి. సరిచేయడం ఒక్క ముక్క: ఐ ఇంటూ ఐ ని ఎన్‌తో పోల్చకుండా, ఐ ని ఎన్ బై ఐ తో పోల్చండి. భాగహారం గోడ దాటదు.

రెండు వందల కోట్ల భాగహారాలు చేసిన మెషీన్ తప్పు చెప్పింది. వందలోపు చేసిన ఆయిలర్ ఒప్పు చెప్పాడు.

దీని వల్ల ఉపయోగం?

తన కారణాంకాలని, తనని తప్ప, అన్నీ కూడితే తనే వచ్చే సంఖ్యని పరిపూర్ణ సంఖ్య అంటారు. 6 = 1 + 2 + 3. 28 = 1 + 2 + 4 + 7 + 14. ప్రతి మెర్సెన్ ప్రైమ్ నుంచీ ఒక పరిపూర్ణ సంఖ్య పుడుతుందని యూక్లిడ్ ఏనాడో నిరూపించాడు. 2147483647 ని 2³⁰ తో గుణిస్తే 2305843008139952128 వస్తుంది. ఇది ఎనిమిదో పరిపూర్ణ సంఖ్య. బైనరీలో 31 ఒకట్లు, వాటి పక్కన 30 సున్నాలు.

1811లో పీటర్ బార్లో అనే ఇంగ్లీషు గణితవేత్త ఈ పరిపూర్ణ సంఖ్య గురించి రాస్తూ, ఇంతకంటే పెద్దది ఎవరూ ఎప్పటికీ కనుక్కోరన్నాడు. ఇవి వింతలే తప్ప ఉపయోగం లేనివి కాబట్టి ఎవరూ అంత శ్రమ పడరని ఆయన ఉద్దేశం. ఆయన రెండు విధాలా పొరబడ్డాడు.

ఒకటి, జనం శ్రమ పడ్డారు. ఇప్పటికి 52 మెర్సెన్ ప్రైమ్‌లు తెలుసు. 2024 అక్టోబర్‌లో ప్రకటించిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 లో 4 కోట్ల 10 లక్షలకు పైగా అంకెలున్నాయి.

రెండు, ఉపయోగం ఉంది. కంప్యూటర్‌లో ర్యాండమ్ నంబర్లు పుట్టించే ఒక పాత పద్ధతి: ఉన్న సంఖ్యని 16807 తో గుణించు, 2147483647 తో భాగించు, శేషం తీసుకో. మళ్ళీ అదే చెయ్. 1988లో పార్క్, మిల్లర్ దీన్ని కనీస ప్రమాణంగా సూచించారు. సి++ స్టాండర్డ్ లైబ్రరీలో ఇప్పటికీ ఉంది. ఇక్కడ ప్రధాన సంఖ్యే ఎందుకు? చిన్నదానితో చూడండి. 3 తో గుణిస్తూ 7 తో భాగిస్తే శేషాలు 1, 3, 2, 6, 4, 5. సున్నా తప్ప అన్నీ వచ్చాయి. 3 తోనే గుణిస్తూ 8 తో భాగిస్తే 1, 3, 1, 3. అక్కడే తిరుగుతుంది. 2147483647 ప్రధాన సంఖ్య కాబట్టీ, 16807 ని దానికి తగ్గట్టు ఎంచుకున్నారు కాబట్టీ, 1 నుంచి 2147483646 వరకు ప్రతి సంఖ్యా ఒక్కసారి వచ్చాకే మొదటిది మళ్ళీ వస్తుంది. ఆయిలర్ నిరూపణ లేకపోతే ఆ మాట ధైర్యంగా చెప్పలేం.

ఇప్పుడు ఏ ప్రోగ్రామ్ అవుట్‌పుట్ చూసినా ముందు నాలుగు ప్రశ్నలు వేసుకుంటున్నాను. సరి రావాలా, బేసి రావాలా? చివర సున్నాలుండాలా? అంకెలు కూడితే 9 తో పోవాలా? డేటా టైప్‌లో పడుతుందా? నా 1932053504 ని ఇలా అడిగి ఉంటే అక్కడే దొరికిపోయేది. అంకెల మొత్తం 32, తొమ్మిదితో పోదు. 13 ఫ్యాక్టోరియల్ పోయి తీరాలి.

చివరగా మన క్లబ్ పద్యకవులకి ఒక పని. పాత పద్యాల్లో అంకెలని మాటలతో చెప్పేవారు, కుడి నుంచి ఎడమకి. చంద్రుడు ఒకటి, వేదాలు నాలుగు, అలాగన్నమాట. ఆ లెక్కన 2147483647 అంటే: గిరి, వేద, రుతు, అగ్ని, గజ, సాగర, స్వర, యుగ, చంద్ర, నేత్ర. మాటలు నేను ఏరిపెట్టాను, గణాలు కూర్చడం నాకు రాదు. ఎవరైనా పద్యం కడితే పంపండి. కాకపోతే అంకెలు నేను ఒకసారి సరిచూస్తాను.